పరాయి పొయ్యి మీది గంజి

నో థెమూ చేతికి పసిబిడ్డను ఇస్తే చాలు, తూకం చెప్పేస్తుంది. చంకల కింద రెండు చేతులూ వేసి ఒకసారి పైకెత్తి దించి, "ఆరు కిలోలకు కాస్త తక్కువ" అంటుంది. తక్కెడ కొక్కేనికి తగిలించి చూస్తే ముల్లు అక్కడే నిలబడుతుంది. పదిహేడేళ్ళుగా మే థో శరణార్థి శిబిరం వంటశాలలో ఆమె చేస్తున్న పని ఇదే. పొద్దున్నే జావ కాచడం, పిల్లల్ని తూచడం, జబ్బ ఎంత సన్నబడిందో కొలిచే రంగుల పట్టీ చుట్టి ప్రాణం మీదికొచ్చే ఎరుపులో ఉన్నారో దానికి ముందరి పసుపులో ఉన్నారో చూసుకోవడం, తిననని మొరాయించేవాళ్ళ చేత తినిపించడం. ఆ చివరి పనిలో ఆమెను మించినవాళ్ళు లేరని శిబిరమంతా ఒప్పుకుంటుంది. ఆమె తినిపించే పద్ధతి మీద మాత్రం ఎవరి అభిప్రాయం వారిది.

ఎందుకంటే థెమూకి 'వద్దు' అన్న మాట వినబడదు. వినబడినా చెవిన వేసుకోదు. కడుపు నిండిందన్నవాడి గిన్నెలో ఇంకో గరిటె పడుతుంది. చెయ్యి అడ్డం పెడితే చేతి మీదే పడుతుంది. ఆమె మొగుడు తాబే వక్కలు అమ్ముకునే మెతక మనిషి. "మా ఇంట్లో ఆకలెయ్యడానికి కూడా తీరికుండదు" అని ఇరుగుపొరుగు వాళ్ళకు చెప్పి నవ్వుతుంటాడు. ఆమె ఎదుట మాత్రం నవ్వడు.

దీనికో కారణం లేకపోలేదు. తొమ్మిదేళ్ళప్పుడు తల్లి లుంగీ అంచు పట్టుకుని సరిహద్దు ఏరు దాటి వచ్చింది థెమూ. అప్పటికి వంటశాలా లేదు, తక్కెడా లేదు. రెండేళ్ళ తమ్ముడు ఆ మొదటి వానాకాలంలోనే కాళ్ళు వాచి పోయాడు. వాడు పోయిన మూడు వారాలకు పిండి సంచులూ పాలపొడి డబ్బాలూ లారీలో వచ్చి దిగాయి. ఆ మూడు వారాల సంగతి ఆమె ఎవరి దగ్గరా ఎత్తదు. ఆ పిండీ ఆ పాలపొడీ తినే పెరిగింది, పెళ్ళి చేసుకుంది, ఇద్దరిని కన్నది. కొండ చరియ మీద వరి విత్తడం, పొగ మీద చేపలు ఎండబెట్టుకోవడం, ఇవన్నీ తల్లి చెప్పగా విన్నదే తప్ప చేసి ఎరగదు.

మొన్నటి వానాకాలంలో ఏటి అవతల కొండ ఊళ్ళ మీదికి విమానాలు వచ్చి బాంబులు వేశాయి. నలభై రెండు కుటుంబాలు మూడు రోజులు అడవిలో నడిచి, ఏరు దాటి, మే థో చేరాయి. బడి వెనకాల పొడవాటి రేకుల పాక ఒకటి ఖాళీగా ఉంటే అందులో దించారు. శిబిరంలో ఉన్నంత మాత్రాన తిండి రాదు. పేరు జాబితాలోకి ఎక్కాలి. ఫొటో తియ్యాలి, వేలిముద్ర వెయ్యాలి, ఏ ఊరు, ఎందుకొచ్చావు అని అడిగినవాటికి జవాబులు చెప్పాలి. అందాకా బియ్యం లేదు, పప్పు లేదు, నూనె లేదు. పాతవాళ్ళు ఇంటికో పిడికెడు బియ్యం చొప్పున పోగుచేసి వంటశాలకు ఇచ్చారు. అక్కడ వండింది పాకకు మోసుకుపోవాలి. ఆ పని థెమూ మీద, ఆమెతో పాటు పనిచేసే మ్వీపో మీద పడింది.

మ్వీపో ముప్పై దాటని మనిషి, నోరు ఊరుకోదు. మొదటి రోజే పాకంతా తిరిగి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"అక్కా, వీళ్ళు మనుషులా, దేవతలా? ఏం కావాలి అంటే ఏమీ వద్దంటారు. తిన్నారా అంటే తిన్నామంటారు. ఎక్కడ తిన్నారు, ఏం తిన్నారు? పొద్దుటి నించీ నేనొక్క పొయ్యి కూడా చూళ్ళేదు."

"మనవాళ్ళే కదే. చేతిలో ఏమీ పట్టుకురాకుండా పరాయి గడప తొక్కినవాడు అది కావాలి ఇది కావాలని అడుగుతాడా? సిగ్గుండదూ?"

"మరి నువ్వు అడక్కుండానే పెట్టేస్తావుగా. బానే కుదిరింది జోడీ" అన్నది మ్వీపో.

పాక చివరి మూలలో యో అవ్వ చాప పరుచుకుంది. అరవై దాటిన మనిషి. సన్నగా, నిటారుగా, దవడన వక్క పెట్టుకుని ఉంటుంది. ఆమె కూతురు బ్లెపో ఏరు దాటిన మర్నాడే అడవిలో, వానలో, ఆడపిల్లను కన్నది. అల్లుడు అవతలి గుట్టల్లో మొక్కజొన్న చేలలో కూలి దొరికిందని వెళ్ళాడు, వారానికోసారి వస్తానన్నాడు. థెమూ బిడ్డను ఎత్తి చూసింది. ఆమె మొహం మారింది.

"రెండు కిలోలా మూడొందలు" అన్నది. తక్కెడ కూడా అదే అన్నది. పుట్టి నాలుగు రోజులు. బ్లెపో పెదాలు పొక్కులుపోయి ఉన్నాయి. రొమ్ము చీకి చీకి బిడ్డ ఏడుస్తుంది, ఏడ్చే ఓపిక లేక పడుకుంటుంది. పాకలో ఇంకో బాలింత రోజుకు రెండుసార్లు ఈ బిడ్డకూ పాలిస్తున్నది కాబట్టి ప్రాణం నిలిచింది. ఆ తల్లికి తన బిడ్డకే చాలడం లేదు, ఎన్నాళ్ళిస్తుంది.

థెమూ గుడ్డు ఉడికించి, గుమ్మడికాయ కూర చేసి, పప్పు వేసి పట్టుకొచ్చింది. యో అవ్వ గిన్నె అందుకుని, రెండు చేతులతో మర్యాదగా వెనక్కి ఇచ్చింది.

"మా ఇంట్లో బాలింతకు ఉప్పన్నమే తల్లీ. నెల తిరిగేదాకా అంతే పథ్యం."

"ఉప్పన్నంతో పాలు పడతాయా అవ్వా?"

"మాకు పడేవి."

"ఒక్క గుడ్డు. గుడ్డుకేం తప్పు?"

"గుడ్డుకి తప్పు లేదు. పొయ్యికి ఉంది." యో అవ్వ గొంతు తగ్గించింది. కూతురు కళ్ళు మూసుకుని పడుకుని ఉంది. "నెల తిరిగేదాకా కన్నతల్లి చేత్తో, కన్నతల్లి పొయ్యి మీద వండిందే తినాలి. నా పెద్దది కాన్పైన ఐదో రోజు పక్కూరి వాళ్ళెవరో పెట్టిన కూర తిన్నది. నేను పొలంలో ఉన్నా. ఏడో రోజుకి పోయింది. బిడ్డా పోయింది. ఇది నాకు మిగిలింది."

థెమూ గిన్నె చాప పక్కన పెట్టింది. "మరి నీ పొయ్యేది అవ్వా?" అన్నది.

"కుండ ఏట్లో పోయింది."

చివరికి యో అవ్వే దిగొచ్చింది. బియ్యం లేదు, కుండ లేదు, కూతురు పస్తుండలేదు. తెల్ల గంజి అయితే తీసుకుంటానన్నది. అది కూడా తన చేత్తోనే తినిపిస్తుంది.

"బియ్యం, నీళ్ళు, ఉప్పు. ఇంకేం వెయ్యకమ్మాయ్."

"వెయ్యను అవ్వా."

"మాట?"

"మాట."

నాలుగు రోజులు థెమూ మాట మీద నిలబడింది. నాలుగు రోజులూ ఆమెకు తిన్నది వంట్లో పట్టలేదు. ఎనిమిదో రోజున బిడ్డను తూస్తే రెండు కిలోలా నూట యాభై. పుట్టిన బిడ్డ మొదట్లో కొంచెం తగ్గడం మామూలే, కానీ ఈపాటికి మళ్ళీ పెరగాలి. శిబిరం వైద్యుడు సా గేడో తల అడ్డంగా ఊపాడు.

"తల్లికి తిండి కావాలి పిన్నీ. బిడ్డ రెండు కిలోల కిందికి దిగితే ఊళ్ళో ఆసుపత్రికి పంపాలి. జాబితాలో పేరు లేనివాళ్ళకు బయటికెళ్ళే కాగితం రావడానికి మూడు రోజులు. అప్పటికి..." అని ఆపేశాడు.

ఆ మర్నాడు పొద్దున థెమూ బ్లెపో గంజిలో పాలపొడి కలిపింది. ఒకటి కాదు, మూడు పెద్ద చెంచాలు. తెల్లటి దాంట్లో తెల్లటిది, ఎవరు కనిపెడతారు. పప్పు వేస్తే రంగు తెలుస్తుంది, చేప వేస్తే వాసన వస్తుంది. పాలపొడికి ఆ బెడద లేదు. ఈ ఆలోచన అంతా ఆమె ముందు రోజే చేసి పెట్టుకుంది, అప్పటికప్పుడు చెయ్యి జారిందని అనుకోవడానికి లేదు.

మ్వీపో చూసింది. "అక్కా, ముసలామెకు మాటిచ్చావు కదా."

"మాటతో పాలొస్తాయా?"

"తెలిస్తే?"

"ఎవరు చెప్తారు? నువ్వు చెప్తావా?"

మ్వీపో నోరు మూసుకుంది. ఆమె నోరు మూసుకోవడం అంటే మామూలు విషయం కాదు. థెమూ గంజి పట్టుకెళ్ళింది. యో అవ్వ మొదట తాను ఒక చుక్క నాలిక మీద వేసుకుని చూసింది. "ఈ బియ్యం బాగుంది" అని కూతురికి పట్టింది. బ్లెపో గిన్నె మొత్తం తాగేసింది. థెమూకి ఆ రోజంతా కాళ్ళు నేల మీద ఆనలేదు. ఎవరేమన్నా కోపం రాలేదు.

మూడో రోజుకి బ్లెపో కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోయింది. విరేచనాలు. తాగిన గంజి తాగినట్టు నీళ్ళయి పోతోంది. పొద్దుటి నించి మధ్యాహ్నానికి ఏడుసార్లు వాన్లో వెదురు పొదల చాటుకు నడిచింది, ఎనిమిదోసారి నడవలేకపోయింది. ఉన్న నాలుగు చుక్కల పాలూ ఇంకిపోయాయి.

సా గేడో వచ్చి చూశాడు. "ఏం తిన్నది?"

"గంజే కదా నాయనా, ఇంకేముంది" అన్నది యో అవ్వ.

"పాకలో ఇంకెవరికైనా ఉందా?"

ఎవరికీ లేదు. అందరూ అవే నీళ్ళు తాగారు. సా గేడో ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు పట్టించమని చెప్పి, ఏమీ అర్థం కాక, గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు. థెమూ అక్కడే నిలబడిపోయింది. కొండ ఊళ్ళలో ఆవులుంటాయి, గేదెలుంటాయి. వాటిని దున్నడానికి కడతారు, పాలు పిండరు. బ్లెపో పుట్టి ఇరవై రెండేళ్ళు. తల్లి పాలు మానిన నాటి నుంచి ఆమె కడుపులో పాలచుక్క పడి ఉండదు. శిబిరంలోకి మొట్టమొదట పాలపొడి డబ్బాలు దిగినప్పుడు పిల్లలందరూ వారం రోజులు ఇదే వెదురు పొదల్లోకి పరిగెత్తారు. అందులో థెమూ కూడా ఉంది. తల్లులు తిట్టుకుంటూ ఆ డబ్బాలు పందులకు కలిపారు. తర్వాత కొంచెం కొంచెంగా అలవాటయింది. అలవాటయ్యాక ఎవరికీ గుర్తులేదు. ఇంత చిన్న సంగతి, పదిహేడేళ్ళ అనుభవం ఉన్నదాన్నని అందరితో అనిపించుకునే తనకు తట్టలేదు.

పాలపొడి మానేసింది. ఉత్త గంజి కాచి తెచ్చింది. యో అవ్వ ఆ గంజి వైపు చూడనైనా చూడలేదు.

మర్నాడు పొద్దున థెమూ, మ్వీపో జావ బిందెలు మోసుకుని పాకకు వెళ్ళేసరికి యో అవ్వ చాప చుడుతోంది. అల్లుడు చేల నుంచి వచ్చినట్టున్నాడు, దుప్పట్లు మూటకడుతున్నాడు. బ్లెపో గోడకు ఆనుకుని కూర్చుంది, ఒళ్ళో బిడ్డ.

"ఎక్కడికి అవ్వా?" థెమూ అడిగింది.

"అవతలికి. ఏటి ఒడ్డు నించి ఒక పూట నడిస్తే మా చెల్లెలి ఊరు. అక్కడ పొయ్యి ఉంది."

"అక్కడ విమానాలున్నాయి."

"ఉంటాయి." యో అవ్వ చాప తాడు బిగించింది. "తప్పు నాదమ్మా. నీది కాదు. నువ్వు మంచిదానివి, మాట మీద ఉన్నావు. పరాయి పొయ్యి మీద వండింది అని తెలిసి తెలిసి నా చేత్తో నేను తినిపించా. ఈ నేల మమ్మల్ని పట్టనంటోంది. పెద్దదాన్ని చంపుకున్నా, దీన్ని కూడా చంపుకోలేను. సొంత పొయ్యి మీద వండి పెడితే బతుకుతుంది."

పాకంతా వింటోంది. నలభై రెండు కుటుంబాలూ వింటున్నాయి. ఒకామె బిడ్డకు జావ పట్టబోతూ గిన్నె పట్టుకునే ఆగిపోయింది. ఇంకొకతను తన చాప వైపు చూసుకున్నాడు. యో అవ్వ కదిలితే ఆమె వెనకాల ఎందరు కదులుతారో థెమూకి తెలుస్తూనే ఉంది.

మ్వీపో చెవి దగ్గరికి వచ్చింది. "అక్కా, నీళ్ళు బాలేవని చెప్పు. చాలు."

నీళ్ళన్న మాట ముసలామె నమ్మదని థెమూకి తెలుసు. నీళ్ళు అందరూ తాగారు. నిజం చెబితే మాత్రం ముసలామె ఒక్కతే కాదు, పాకంతా వంటశాల మీద నమ్మకం వదులుకుంటుంది. రేపటి నుంచి ఈ బిందెలు ముట్టేవాళ్ళుండరు. పసుపు పట్టీలో ఉన్న పదకొండు మంది పిల్లలున్నారు, వాళ్ళు ఎరుపులోకి దిగుతారు. చెప్పకపోతే వీళ్ళు ఏరు దాటుతారు. దాటిన రెండు రోజులకు బిడ్డ ఉండదు. దారిలోనే పోతుందేమో కూడా. యో అవ్వ మాత్రం బతికినన్నాళ్ళూ తన చేత్తోనే చంపుకున్నానని అనుకుంటుంది.

థెమూ బిందె కింద పెట్టింది.

"అవ్వా, నేను మాట మీద లేను. గంజిలో పాలపొడి కలిపాను. మూడు రోజులు. బ్లెపోకి ఒంట్లో బాలేకపోవడం దానివల్లే."

యో అవ్వ చాప తాడు వదల్లేదు.

"పాలపొడి అంటే?"

"పాలు ఎండబెట్టి పొడి చేస్తారు."

"ఎవరి పాలు?"

"ఆవు పాలు."

"ఆవు పాలు దూడకు కదా." యో అవ్వ నిజంగానే అర్థం కాక అడిగింది. ఎవరూ నవ్వలేదు.

"ఇక్కడ తాగుతాం అవ్వా. మాకు చిన్నప్పటి నించీ అలవాటు. మీకు పడదని నాకు తట్టలేదు. చెప్పకుండా వేశాను. చెబితే ఒప్పుకోవని వేశాను."

గిన్నె పట్టుకున్న తల్లి ఆ జావను చూసింది. లేచి వెళ్ళి చూరు కింద పారబోసింది. ఆమె వెనకాల ఇంకొకామె. ఆ తర్వాత ఎంతమందో థెమూ చూడలేదు. జావ పడుతున్న చప్పుడు మాత్రం వింటూ నిలబడింది. పదిహేడేళ్ళలో ఆమె చేతి జావను నేలపాలు చేసినవాళ్ళు లేరు. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

"అయితే పొయ్యి తప్పు కాదు" అన్నది యో అవ్వ నెమ్మదిగా.

"కాదు."

"ఈ నేల తప్పు కాదు."

"కాదవ్వా."

"నా చెయ్యి తప్పు కాదు."

"నీది కాదు. నాది."

యో అవ్వ చుట్టిన చాప మీదే కూలబడింది. భుజాన పమిటలా వేసుకున్న గుడ్డతో మొహం తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంది. మొహం పైకెత్తాక మాత్రం థెమూని వదల్లేదు. ఆ తిట్లన్నీ రాయడం కుదరదు. నీకు కళ్ళు నెత్తికెక్కాయా అన్నది. ఊళ్ళు తగలబడ్డాయి, చేలు పోయాయి, కుండ పోయింది, నా బిడ్డ నోట్లోకి ఏం పోతుందన్నది ఒక్కటే నా చేతిలో మిగిలింది, అది కూడా లాక్కున్నావు కదే అన్నది. థెమూ తల వంచుకుని విన్నది. ఎదురు చెప్పకుండా అంతసేపు ఎవరి మాటా విన్నట్టు ఆమెకు గుర్తులేదు.

ముసలామె ఊపిరి తీసుకోవడానికి ఆగింది. అప్పుడు థెమూ అడిగింది. ఎనిమిది రోజుల కింద అడగాల్సిన మాట అది.

"మీ ఊళ్ళో, మీ ఇంట్లో ఉంటే ఏం వండి పెట్టేదానివి అవ్వా?"

గోడ దగ్గర నుంచి బ్లెపో మాట్లాడింది. పాకకు వచ్చాక ఆ పిల్ల గొంతు విన్నవాళ్ళు తక్కువ.

"అక్క కాన్పుకి నల్లకోడి కోశావు కదమ్మా. అల్లం వేసి ఉడకబెట్టావు. ఏటి చేప పొగ మీద కాల్చి పెట్టావు. ఉప్పన్నం ఒక్కటే పథ్యమని ఎప్పుడున్నది మనింట్లో?"

యో అవ్వ కూతురి వైపు తిరిగింది. తిట్టబోయి ఆగింది. నల్లటి ఆ మొహం మీద సిగ్గు అందరికీ కనిపించింది.

"కోడెక్కడిది?" అన్నది చివరికి, నేల చూపులు చూస్తూ. "చేపెక్కడిది? ఇచ్చుకోడానికి నా చేతిలో ఏముందని అడగను? లేనింట్లో ఉప్పన్నమే ఆచారం. ఆచారమంటే ఎవరూ మారు అడగరని అట్లా అన్నా." కాస్త ఆగి థెమూని చూసింది. "నువ్వొక అబద్ధం, నేనొక అబద్ధం. మధ్యలో ఆ పసిది ఎండిపోయింది."

థెమూ ఆమె ముందు నేల మీద కూర్చుంది. ఇద్దరూ ఏడ్చారు. అల్లుడు మూట ముడి పట్టుకుని, విప్పాలో బిగించాలో తెలియక నిలబడ్డాడు.

"ఏం కావాలి అవ్వా?" అన్నది థెమూ.

వచ్చిన నాటి నుంచి ఆ పాకలో కాగితాలు పట్టుకున్నవాళ్ళు, సంచులు పట్టుకున్నవాళ్ళు అందరూ అడిగిన ప్రశ్నే. యో అవ్వ చాలాసేపు దవడన వక్క నమిలింది.

"కుండ" అన్నది.

ఆ తర్వాత ఒక్కొక్కటే వచ్చింది. మూడు రాళ్ళు. ఎండు కట్టెలు, పచ్చివి వద్దు. అల్లం. ఏటి చేప, సముద్రపుది కాదు. నల్లకోడి, ఇంకా గుడ్డు పెట్టనిది. బియ్యం తానే కడుక్కుంటుంది. అల్లుడు మూట కింద పెట్టి కట్టెలకు బయల్దేరాడు.

థెమూ ఇల్లిల్లూ తిరిగింది. కుండ ఒక ఇంట్లో దొరికింది, అల్లం ఇంకో ఇంట్లో. కోడి దగ్గర చిక్కొచ్చింది. శిబిరంలో నల్లకోళ్ళు నాలుగే ఉన్నాయి, మూడు అప్పటికే గుడ్లు పెడుతున్నాయి. నాలుగోది తాబే అడవి అంచున వల పన్ని పట్టి, చేత్తో నూకలు తినిపించి పెంచుకుంటున్నది. థెమూ దాని కాళ్ళు కట్టి చంకన పెట్టుకుంటే తాబే గడపలో అడ్డం నిలబడ్డాడు.

"దాన్ని కూడానా?"

"దాన్నే."

"అడుగుతున్నావా, తీసుకెళ్తున్నావా?"

థెమూ ఆగింది. "అడుగుతున్నా" అన్నది.

తాబే నోరు తెరుచుకుని ఆమెను చూశాడు. ఇరవై ఏళ్ళ కాపురంలో ఇదే మొదటిసారి. పక్కకు జరిగి దారిచ్చాడు.

పాక చూరు కింద మూడు రాళ్ళు పెట్టి యో అవ్వ పొయ్యి వెలిగించింది. థెమూ కట్టె ఎగదొయ్యబోతే చేతి మీద ఒకటి వేసింది. "కూర్చో." థెమూ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. గరిటె లేకుండా ఒక వంట దగ్గర కూర్చోవడం ఆమెకు ఎంత కష్టమో చూసినవాళ్ళకే తెలుస్తుంది.

పాకలో మిగతావాళ్ళు ఆ రోజు జావ ముట్టలేదు. మర్నాడూ ముట్టలేదు. పదకొండు మందిలో ఇద్దరు పిల్లలు ఎరుపులోకి దిగారు. అది థెమూ ఖాతాలోదే, ఆమె కాదనదు. మూడో రోజున ఇంకొక తల్లి వచ్చి, తల దించుకుని, "మాకూ ఓ కుండ దొరుకుతుందా అక్కా" అన్నది. ఆ తర్వాత థెమూ, మ్వీపో వండిన బిందెలు మోయడం మానేశారు. పాతవాళ్ళు పోగుచేసిన బియ్యం, వంటశాలలోని పప్పు, నూనె, పిండి పచ్చివే తెచ్చి ఇచ్చారు. దేంట్లో ఏముందో చెప్పి, చేత్తో పట్టుకుని చూడనిచ్చి, ఎవరికి ఏది పడదో అడిగి మరీ ఇచ్చారు. వారం తిరిగేసరికి చూరు కింద పందొమ్మిది పొయ్యిలు లేచాయి. పాకంతా పొగ.

"దీనికన్నా ఒక్క బిందె కాచడమే సుఖంగా ఉండేదక్కా" అని కళ్ళు నులుముకుంది మ్వీపో.

"ఉండేది" అన్నది థెమూ.

ఎరుపులోకి దిగిన ఇద్దరిలో ఒకడు పదో రోజుకి పసుపుకి వచ్చాడు. రెండోవాడికి నెల పట్టింది. బ్లెపో విరేచనాలు రెండు రోజులకు కట్టాయి. కోడి నీళ్ళు, కాల్చిన చేప, మెత్తటి అన్నం, అన్నీ తల్లి చేతిమీదుగా. బిడ్డ తూకం రెండు కిలోలకు ఇరవై గ్రాముల దూరం దాకా వచ్చి ఆగింది. ఆసుపత్రి కాగితం కోసం సా గేడో అర్జీ రాసి జేబులో పెట్టుకుని తిరిగాడు. నాలుగో రోజు ముల్లు కదల్లేదు. ఐదో రోజూ కదల్లేదు. ఆరో రోజు తెల్లవారుతూనే యో అవ్వ వంటశాల దాకా నడిచి వచ్చి, బిడ్డను థెమూ చేతుల్లో పెట్టింది. బిడ్డ చొక్కా ముందంతా పాలతో తడిసి ఉంది.

థెమూ పైకెత్తి దించింది. ఏదో అనబోయి, అనకుండా, తక్కెడకు తగిలించింది. రెండు కిలోలా ఎనభై.

"నడు" అన్నది యో అవ్వ.

పాక చూరు కింద కుండ ఉడుకుతోంది. యో అవ్వ థెమూని చాప మీద కూర్చోబెట్టి గిన్నె నిండా పోసి ముందు పెట్టింది. గంజి లాగానే ఉంది, తెల్లగా. ఏదో ఆకు వాసన వస్తోంది, థెమూ ఎన్నడూ ఎరగని వాసన. చుట్టూ ఆడవాళ్ళు తమ తమ పొయ్యిల దగ్గర పనులాపి చూస్తున్నారు. బ్లెపో బిడ్డకు పాలిస్తూ నవ్వు ఆపుకుంటోంది.

"తిను. అందులో ఏం వేశానో చెప్పను" అన్నది యో అవ్వ.

థెమూ గిన్నె ఎత్తింది. సగం తిన్నాక ముసలామె ఇంకో గరిటె పోసింది. థెమూ చెయ్యి అడ్డం పెట్టలేదు.